మన రక్తకణాలే మందుగా మారితే... ఎం.ఎస్. జబ్బుకు కొత్త చికిత్సలు, తెలుసుకోవలసిన నిజాలు

పోయిన ఎండాకాలంలో ఒకరోజు ఓపీ ముగిసే వేళకు ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి ఒక పెద్దాయన వచ్చి నా గది ముందు నిలబడ్డాడు. చేతిలో రంగురంగుల కరపత్రం ఉంది. "సిస్టరమ్మా, జర ఇది చదివి చెప్పండి. స్టెమ్ సెల్ సూది ఏస్తే బిడ్డ మంచిగ నడుస్తదంటున్నరు. ఆరు లక్షలైతయట. పది గుంటలు అమ్ముత. సోమారం బయాన తీసుకుంటున్న" అన్నాడు.

ఆయన కూతురు నాకు తెలుసు. ఇరవై తొమ్మిదేళ్లు. పటాన్‌చెరు వైపు ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఐదేళ్ల బాబు ఉన్నాడు. ఆమెకు ఉన్న జబ్బు పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్, క్లుప్తంగా ఎం.ఎస్. అంటారు. ఆ సాయంత్రం ఆ తండ్రికి చెప్పిన మాటలనే, ఆ తరువాత మన డాక్టర్లను అడిగి తెలుసుకున్న సంగతులు కూడా చేర్చి, ఈ వ్యాసంగా రాస్తున్నాను. ఆ అమ్మాయి అనుమతితోనే రాస్తున్నాను. పేరు మాత్రం చెప్పను.

నేను నర్సింగ్ డిప్లొమా చదివినదాన్ని, శాస్త్రవేత్తను కాను. కానీ కొత్త చికిత్సల గురించి పేపర్లలో, టీవీల్లో వచ్చే వార్తలు చూసి మన కుటుంబాలు ఆశపడుతున్నాయి, ఒక్కోసారి మోసపోతున్నాయి. అందుకే ఏది నిరూపణ అయిందో, ఏది ఇంకా పరీక్షలో ఉందో, ఏది కేవలం వ్యాపారమో విడదీసి చెప్పడం అవసరమనిపించింది.

ఎం.ఎస్. అంటే ఏమిటి?

మన మెదడు, వెన్నుపాము, కంటి నరాలు కరెంటు తీగల్లాంటివి. తీగ పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరాల పైన మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. బోరు మోటారు తీగను ఎలుక కొరికితే ఏమవుతుందో రైతులకు చెప్పనక్కరలేదు. మోటారు ఒకసారి నడుస్తుంది, ఒకసారి ఆగుతుంది, చివరికి కాలిపోతుంది. ఎం.ఎస్.లో జరిగేది దాదాపు ఇదే. ఆ పొరను కొరికేది బయటి క్రిమి కాదు, మన సొంత రోగనిరోధక వ్యవస్థే.

రక్తంలోని తెల్లకణాలు మన ఒంటికి కాపలాదారులు. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు గుర్తింపు కార్డు చూసి లోపలికి పంపినట్టు, ఇవి కూడా 'ఇది మనది, ఇది పరాయిది' అని గుర్తిస్తాయి. ఆ గుర్తింపు తప్పితే సొంత కార్మికులనే కొట్టడం మొదలుపెడతాయి. టి కణాలు, బి కణాలు అనే రెండు రకాల తెల్లకణాలు మెదడు చుట్టూ ఉండే రక్షణ గోడను దాటి లోపలికి వెళ్లి మైలిన్ మీద దాడి చేస్తాయి. దాడి జరిగిన చోట మచ్చలు పడతాయి. ఫ్రాన్సుకు చెందిన డాక్టర్ షార్కో 1868లోనే ఈ మచ్చలను వివరించి ఇది ప్రత్యేకమైన జబ్బు అని చెప్పాడు.

ప్రపంచంలో 28 లక్షల మందికి పైగా ఎం.ఎస్.తో జీవిస్తున్నారు. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారికంటే ఆడవారిలో రెండు, మూడు రెట్లు ఎక్కువ. ఇది చలి దేశాల జబ్బు, మనకు రాదు అని చాలాకాలం అనుకున్నారు. ఎం.ఆర్.ఐ. యంత్రాలు, న్యూరాలజీ డాక్టర్లు పెరిగాక మన దగ్గరా బయటపడుతోంది. మంగళూరులో చేసిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో లక్ష జనాభాకు సుమారు 8 మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది.

ఎందుకు వస్తుంది అంటే ఒకే కారణం లేదు. అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువతీ యువకుల రికార్డులు పరిశీలించి 2022లో ఒక విషయం ప్రకటించారు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ సోకిన తరువాత ఎం.ఎస్. వచ్చే అవకాశం 32 రెట్లు పెరిగింది. అయితే ఆ వైరస్ దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు సోకేదే, వాళ్లలో చాలా కొద్దిమందికే ఎం.ఎస్. వస్తుంది. అంటే వైరస్‌తో పాటు వంశ లక్షణాలు, విటమిన్ డి తక్కువ కావడం, పొగతాగడం వంటివి కూడా తోడవుతాయి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఎం.ఎస్. అంటువ్యాధి కాదు. ఈ అమ్మాయి అత్తగారింట్లో కొన్నాళ్లు బాబును తల్లి పక్కన పడుకోనివ్వలేదు. తల్లి చేతి ముద్ద కూడా తిననివ్వలేదు. దానివల్ల ఆమె కాళ్లకంటే ఎక్కువగా మనసు కుంగిపోయింది. ముట్టుకుంటే, కలిసి తింటే, కాపురం చేస్తే ఈ జబ్బు రాదు. ఇది పాపఫలమూ కాదు, చేతబడీ కాదు. ఎం.ఎస్. ఉన్న ఆడవారు డాక్టరు సలహాతో పిల్లల్ని కనవచ్చు.

ఈ లక్షణాలు గమనించండి

• ఒక కంటి చూపు కొన్ని రోజుల్లో మసకబారడం, కన్ను తిప్పితే నొప్పి, రంగులు వెలిసినట్టు కనిపించడం.
• ఒకటి రెండుగా కనిపించడం.
• కాళ్లు, చేతులు లేదా ఒక పక్క మొద్దుబారడం, చీమలు పాకినట్టు ఉండడం.
• నడుము లేదా ఛాతీ చుట్టూ పట్టీ బిగించినట్టు ఉండడం.
• మెడ ముందుకు వంచితే వెన్నులో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం.
• నడకలో తూలడం, చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియకపోవడం.
• మూత్రం ఆపుకోలేకపోవడం లేదా పూర్తిగా రాకపోవడం.
• ఎండలో, జ్వరంలో, వేడినీళ్ల స్నానం తరువాత ఈ లక్షణాలు ఎక్కువ కావడం.

ఇందులో ఏదైనా 24 గంటలు దాటి ఉంటే డాక్టరుకు చూపించాలి. ఎం.ఎస్.లో మోసపుచ్చే గుణం ఒకటుంది. నూటికి 85 మందిలో జబ్బు మొదట విడతలు విడతలుగా వస్తుంది. ఒక విడత వచ్చి, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. 'తగ్గిపోయింది కదా' అని మనం మరిచిపోతాం. లోపల మచ్చ మాత్రం మిగిలిపోతుంది.

నేను చేసిన పొరపాటు

ఈ అమ్మాయికి మొదట కుడికన్ను మసకబారింది. ఒక కంటి శిబిరంలో అద్దాలు రాసి ఇచ్చారు. నెలన్నరలో చూపు వచ్చింది. ఏడాది తరువాత కాళ్లలో తిమ్మిరి అంటూ మా దగ్గరకు వచ్చింది. రక్తం తొమ్మిది గ్రాములు ఉంది. ఐరన్ మాత్రలు, బి12 సూదులు ఇచ్చారు. "నీరసం బిడ్డా, ఆకుకూరలు తిను, నైట్ డ్యూటీలు తగ్గించుకో" అని స్వయంగా నేనే చెప్పి పంపాను. మరో ఎనిమిది నెలలకు కంపెనీ బస్సు మెట్లు దిగలేక పడిపోయింది. అప్పుడు మన ఫిజీషియన్ గారు "ఇంతకుముందు కన్ను ఎప్పుడైనా మసకబారిందా?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఆ కన్ను సంగతి, ఈ కాళ్ల సంగతి కలిపి చూసిన తరువాతే ఆమెను హైదరాబాదు నిమ్స్ న్యూరాలజీకి పంపారు. ఎం.ఆర్.ఐ.లో మెదడులోనూ, వెన్నుపాములోనూ మచ్చలు కనిపించాయి.

ఆనాడు నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఎనిమిది నెలలు కలిసివచ్చేవి. ఇప్పుడు మా వార్డు సిస్టర్లందరికీ నేర్పుతున్నాను. వయసులో ఉన్నవారు తిమ్మిరి అంటూ వస్తే రక్తం ఒక్కటే చూడవద్దు, పాత సంగతులు అడగండి అని.

అలాగని ప్రతి తిమ్మిరీ ఎం.ఎస్. కాదు. బి12 లోపం, షుగరు, వెన్నెముక క్షయ, మెడ ఎముకల అరుగుదల మన దగ్గర చాలా ఎక్కువ. ఎన్.ఎం.ఓ. అనే మరో జబ్బు కూడా అచ్చం ఎం.ఎస్. లాగే కంటి నరాన్ని, వెన్నుపామును పట్టుకుంటుంది. దానికి రక్తపరీక్ష వేరే ఉంది. ఆ తేడా తేల్చడం చాలా ముఖ్యం, ఎందుకంటే ఎం.ఎస్.కు వాడే కొన్ని మందులు ఎన్.ఎం.ఓ.ను ముదరబెడతాయి. అందుకే డాక్టర్లు ఎం.ఆర్.ఐ.తో పాటు రక్తపరీక్షలు, వెన్నునుంచి నీరు తీసే పరీక్ష రాస్తారు. వెన్నునీరు తీస్తే కాళ్లు పడిపోతాయన్నది అపోహ. నడుము కింది భాగంలో, వెన్నుపాము ముగిసిన తరువాతే సూది వేస్తారు.

ఈనాడు ఉన్న మందులు

విడత వచ్చినప్పుడు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు ఒక గ్రాము చొప్పున మూడు నుంచి ఐదు రోజులు సెలైన్‌లో ఇస్తారు. అది మంట ఆర్పుతుంది, అంతే. మళ్లీ మంట రాకుండా చూసే మందులు వేరు. వాటిలో మొదటిదైన ఇంటర్‌ఫెరాన్ ఇంజక్షన్ అమెరికాలో 1993లో అనుమతి పొందింది. 1996లో గ్లాటిరామర్ వచ్చింది. 2010లో మొదటి మాత్ర ఫింగోలిమాడ్ వచ్చింది. 2017లో ఓక్రెలిజుమాబ్ వచ్చింది. జబ్బును పూర్తిగా తీసేసే మందు ఇప్పటికీ లేదు. కానీ విడతలను తగ్గించి, వీల్‌చెయిర్ దాకా పోకుండా ఏళ్ల తరబడి కాపాడే మందులు ఉన్నాయి.

ఇక్కడ మన ప్రాంతం వారు గర్వపడే సంగతి ఒకటుంది. రిటుక్సిమాబ్ అనే మందు 1997లో లింఫ్ గ్రంథుల క్యాన్సరుకు వచ్చింది. అది బి కణాలను ఏరివేస్తుంది. ఎం.ఎస్.లో తప్పంతా టి కణాలదే అనుకుంటున్న రోజుల్లో, డాక్టర్ స్టీఫెన్ హౌసర్ బృందం దీన్ని 104 మంది ఎం.ఎస్. రోగుల మీద పరీక్షించింది. 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం మెదడులో చురుగ్గా ఉన్న మచ్చలు 91 శాతం తగ్గాయి. బి కణాల పాత్ర అంత పెద్దదని లోకానికి అప్పుడు తెలిసింది. ఓక్రెలిజుమాబ్ ఆ దారిలో వచ్చిందే.

రిటుక్సిమాబ్‌ను మన హైదరాబాదు కంపెనీ డాక్టర్ రెడ్డీస్ 2007లోనే 'రెడిటక్స్' పేరుతో తక్కువ ధరకు తెచ్చింది. మియాపూర్ దగ్గరి బాచుపల్లిలో వారి బయాలజిక్స్ కేంద్రం ఉంది. గ్లాటిరామర్‌ను హైదరాబాదుకే చెందిన నాట్కో సంస్థ తయారుచేయగా, భాగస్వామి కంపెనీ ద్వారా అమెరికాలో అమ్మడానికి 2017లో అనుమతి వచ్చింది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారిగా ఎం.ఎస్. మందులను అత్యవసర ఔషధాల జాబితాలో చేర్చింది. అవి మూడు: క్లాడ్రిబిన్, గ్లాటిరామర్, రిటుక్సిమాబ్. అంటే మన బస్సులు తిరిగే దారిలో తయారయ్యే మందునే ప్రపంచం పేద దేశాల ఎం.ఎస్. రోగులకు సిఫారసు చేసిందన్నమాట.

మన అమ్మాయికి ఇప్పుడు ఇస్తున్నది రిటుక్సిమాబే. ఆరు నెలలకు ఒకసారి. ఇది ఇచ్చే ముందు హెపటైటిస్ బి, క్షయ ఉన్నాయేమో తప్పక చూడాలి. దాగి ఉన్న హెపటైటిస్ బి ఈ మందుతో తిరగబెట్టి లివరును దెబ్బతీయగలదు. మొదటిసారి నాలుగైదు గంటలు నెమ్మదిగా ఎక్కించాలి. చలి, వణుకు, గొంతులో దురద, దద్దురు, ఛాతీ బరువు ఏది అనిపించినా వెంటనే సిస్టరును పిలవాలి. చుక్కలు ఆపి, మందు ఇచ్చి, మళ్లీ నెమ్మదిగా మొదలుపెడతాం. ఆ తరువాతి నెలల్లో జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసుకుని ఊరుకోవద్దు, ఆసుపత్రికి రండి.

ఇక కణ చికిత్సల సంగతి

పైన చెప్పినవి మందులు. ఇప్పుడు వార్తల్లో వినిపిస్తున్నవి కణాలనే మందుగా వాడే చికిత్సలు. ఇవన్నీ ఒకటి కావు. మూడు రకాలుగా అర్థం చేసుకుందాం.

ఒకటి: కాపలా మొత్తాన్ని మార్చడం

దీన్ని సొంత మూలకణాల మార్పిడి అంటారు. ముందుగా రోగి రక్తంనుంచి మూలకణాలు తీసి భద్రపరుస్తారు. తరువాత బలమైన కీమోతో పాత రోగనిరోధక వ్యవస్థను తుడిచివేసి, దాచిన మూలకణాలను తిరిగి ఎక్కిస్తారు. కొన్ని వారాల్లో కొత్త తెల్లకణాలు పుడతాయి. దారితప్పిన పాత సెక్యూరిటీ వాళ్లందరినీ పంపేసి కొత్తవాళ్లను తీసుకున్నట్టు. ఎముక మజ్జ మార్పిడి మనకు కొత్త కాదు. ముంబై టాటా మెమోరియల్‌లో 1983లో, వెల్లూరు సి.ఎం.సి.లో 1986లో మొదలైంది. అవి ఎక్కువగా రక్తపు జబ్బులకు చేసినవి.

ఎం.ఎస్.కు సంబంధించి 2019లో ముఖ్యమైన ఫలితాలు వచ్చాయి. అమెరికా, ఇంగ్లండ్, స్వీడన్, బ్రెజిల్ దేశాల్లో 110 మంది రోగులను రెండు జట్లు చేశారు. 55 మందికి మార్పిడి, 55 మందికి మందులు. మందులు తీసుకున్నవారిలో 34 మందికి జబ్బు ముదిరింది. మార్పిడి జరిగినవారిలో ముగ్గురికే. ఎవరూ చనిపోలేదు. చాలా మంచి ఫలితమే. కానీ ఆ మందుల జట్టుకు ఓక్రెలిజుమాబ్ లాంటి బలమైన కొత్త మందు ఇవ్వలేదు. అందుకే బలమైన మందులతో పోల్చి చూసే పెద్ద పరీక్షలు ఆ తరువాత మొదలుపెట్టారు.

ఇది అందరికీ పనికొచ్చేది కాదు. తక్కువ వయసు, జబ్బు కొత్తగా వచ్చి మందులకు లొంగకుండా మంటలు రేగుతున్నవారికి బాగా పనిచేస్తుంది. ఏళ్లుగా మంచాన ఉన్నవారికి, విడతలు ఆగి నెమ్మదిగా దిగజారుతున్నవారికి లాభం తక్కువ. కీమో వల్ల కొన్ని వారాలు ఒంట్లో రక్షణే ఉండదు. చిన్న ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది. సంతానశక్తి దెబ్బతినవచ్చు. తొలి రోజుల్లో కొందరు ప్రాణాలు కోల్పోయారు. అనుభవమున్న కేంద్రాల్లో ఆ ప్రమాదం ఇప్పుడు నూటికి ఒకరికంటే తక్కువకు దిగింది.

రెండు: టి కణాలకు కొత్త కళ్లు పెట్టడం

దీని పేరు కార్-టి. రోగి రక్తంనుంచి టి కణాలను వేరుచేసి ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ వాటిలో ఒక కొత్త జన్యువు చేరుస్తారు. దానితో బి కణాల మీద ఉండే సి.డి.19 అనే గుర్తును అవి పసిగట్టగలుగుతాయి. ఆ కణాలను పెంచి, కొద్దిపాటి కీమో ఇచ్చాక తిరిగి ఎక్కిస్తారు. పట్టుకోవలసినవాడి ఫోటోను కాపలాదారు చేతికి ఇచ్చినట్టు.

రిటుక్సిమాబ్ కూడా బి కణాలనే తీస్తుంది కదా, మళ్లీ ఇదెందుకు అని మీరు అడగవచ్చు. రక్తంలోకి ఎక్కించిన మందు మెదడు రక్షణ గోడను దాటి లోపలికి చాలా కొద్దిగానే పోతుంది. లోపల స్థిరపడిన బి కణాలు తప్పించుకుంటాయి. కార్-టి కణాలు ప్రాణమున్నవి. స్వయంగా లోపలికి వెళ్లి వెతకగలవు. ఆశ అక్కడ ఉంది.

ఈ చికిత్స 2017లో అమెరికాలో రక్త క్యాన్సరుకు అనుమతి పొందింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో డాక్టర్ గెయార్గ్ షెట్ బృందం 2021లో దీన్ని లూపస్ జబ్బుకు వాడింది. లూపస్ కూడా ఎం.ఎస్. లాగే సొంత ఒంటి మీద జరిగే దాడి. 2022లో ఐదుగురు లూపస్ రోగులకూ జబ్బు అణగిందని వారు ప్రకటించారు. జర్మనీలోనే ఇద్దరు ఎం.ఎస్. రోగులకు ఈ చికిత్స ఇచ్చి 2024లో వివరాలు ప్రకటించారు. వారు దాన్ని తట్టుకున్నారు, ఎక్కించిన కణాలు వెన్నునీటిలోనూ కనిపించాయి. గమనించండి, ఇద్దరే. ఇద్దరిని చూసి మందు పనిచేస్తుందని చెప్పలేం. ఆ తరువాతి పరీక్షలు ఇంకా తొలి దశల్లో ఉన్నాయి.

మన దేశంలో ఐ.ఐ.టి. బొంబాయి, టాటా మెమోరియల్ కలిసి తయారుచేసిన 'నెక్స్‌కార్19' 2023 అక్టోబరులో అనుమతి పొందింది. 2024 ఏప్రిల్ 4న రాష్ట్రపతి ద్రౌపది ముర్ము దాన్ని జాతికి అంకితం చేశారు. విదేశాల ధరలో సుమారు పదో వంతుకే వస్తుంది. అయినా లక్షల్లోనే ఉంటుంది. అది కొన్ని రక్త క్యాన్సర్లకు ఇచ్చిన అనుమతి, ఎం.ఎస్.కు కాదు.

దీనికీ ప్రమాదాలున్నాయి. తీవ్రమైన జ్వరం, బి.పి. పడిపోవడం, తికమక, మూర్ఛలు రావచ్చు. ఐ.సి.యు. పక్కనే ఉండాలి. ఈ చికిత్స తరువాత అరుదుగా టి కణాల క్యాన్సరు రావచ్చని 2024లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరిక పెట్టించింది. ప్రాణాంతక క్యాన్సరు ఉన్నవారు ఆ ప్రమాదానికి ఒప్పుకుంటారు. నడుస్తూ, వంట చేస్తూ, పిల్లల్ని చూసుకుంటున్న ఎం.ఎస్. రోగి లెక్క వేరు.

మూడు: శాంతింపజేసే కణాలు

మన ఒంట్లో మిగతా తెల్లకణాలను అదుపులో పెట్టే టి కణాలు కొన్ని ఉంటాయి. సెక్యూరిటీ సూపర్‌వైజర్లు అనుకోండి. జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి 1995లో వీటిని గుర్తించాడు. అమెరికాకు చెందిన మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వీటికి కీలకమైన జన్యువును కనుగొన్నారు. ఈ ముగ్గురికీ 2025లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సూపర్‌వైజర్ కణాలను పెంచి రోగికి ఎక్కిస్తే దాడి చల్లారుతుందని ఆలోచన. ఎం.ఎస్.లో ఇదింకా పరిశోధన దశలోనే ఉంది.

అన్ని ఆలోచనలూ ఫలించవు. ఎప్‌స్టీన్-బార్ వైరస్ దాగిన కణాలను చంపే టి కణాలను ఒక కంపెనీ తయారుచేసింది. మొదట్లో కొందరు రోగులు మెరుగయ్యారని వార్తలు వచ్చాయి. సరిగ్గా పోల్చి చూసేసరికి, 2023 నవంబరులో అది ఉత్తుత్తి మందుకంటే మెరుగు కాదని తేలింది. పరీక్ష ఎందుకు పెడతారో దీన్నిబట్టి తెలుస్తుంది.

మరి ఆ కరపత్రంలోని సూది?

ఆ పెద్దాయన తెచ్చిన కాగితంలో ఉన్నది ఈ మూడింటిలో ఏదీ కాదు. ఎముక మజ్జనుంచో, కొవ్వునుంచో, బొడ్డుతాడునుంచో తీసిన కణాలను పెంచి సూదిగా ఇస్తామని రాసి ఉంది. అలాంటి కణాలను కూడా నిజాయితీగా పరీక్షించారు. సొంత ఎముక మజ్జ కణాలను 144 మంది ఎం.ఎస్. రోగులకు ఇచ్చిన అంతర్జాతీయ పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. మెదడులో చురుకైన మచ్చలు తగ్గలేదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు స్పష్టంగా ఉన్నాయి. రక్త సంబంధమైన జబ్బుల వంటి కొన్నిటికి ఇప్పటికే ఆమోదించిన మార్పిడి తప్ప, మూలకణాలను మరే జబ్బుకైనా అనుమతి పొందిన పరీక్షలోనే వాడాలి. అమ్మకూడదు. పరీక్షలో చేరిన రోగి దగ్గర ఆ చికిత్సకు డబ్బు తీసుకోకూడదు.

ఎవరైనా కొత్త చికిత్స అంటే ఈ ప్రశ్నలు అడగండి:

1. ఇది అనుమతి పొందిన చికిత్సా, పరీక్షా? నా జబ్బుకే అనుమతి ఉందా?
2. పరీక్ష అయితే సి.టి.ఆర్.ఐ. నమోదు నంబరు ఎంత? 2009 నుంచి మన దేశంలో ప్రతి మందు పరీక్షా అందులో నమోదు కావాలి.
3. నైతిక కమిటీ అనుమతి పత్రం చూపిస్తారా? సమ్మతి పత్రం తెలుగులో ఇస్తారా?
4. డబ్బు ఎందుకు అడుగుతున్నారు?
5. హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు?
6. నన్ను చూస్తున్న న్యూరాలజీ డాక్టరుతో మీరు మాట్లాడతారా?

ఆ సాయంత్రం నా గదిలోంచే కరపత్రంలోని నంబరుకు ఫోన్ చేయించాను. రెండో ప్రశ్న దగ్గరే అవతలివాళ్లు "మీరు రండి, మాట్లాడుకుందాం" అన్నారు. మూడోదానికి ఫోన్ పెట్టేశారు. పెద్దాయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "మరి నా బిడ్డకు ఏం లేదా సిస్టరమ్మా?" అన్నాడు.

"ఉందన్నా. ఆరు నెలల సూది ఉంది, కసరత్తు ఉంది. ఆ మందు తప్పకుండా చూడు. అదే ఇప్పుడు పెద్ద వైద్యం" అన్నాను.

ఇంట్లో జాగ్రత్తలు

• ఎండ వేళ పొలం పని, పొయ్యి దగ్గర ఎక్కువసేపు కూర్చోవడం మానాలి. వేడికి బలహీనత పెరిగితే భయపడవద్దు. అది కొత్త విడత కాకపోవచ్చు. నీడన కూర్చుని తడిగుడ్డ కప్పుకుంటే తగ్గుతుంది.
• ఉన్నట్టుండి నడక తగ్గితే ముందు మూత్రపరీక్ష చేయించండి. మూత్రంలో చీము ఉన్నా అచ్చం విడత వచ్చినట్టే ఉంటుంది. అప్పుడు కావలసింది స్టెరాయిడ్ కాదు, ఇన్‌ఫెక్షన్ మందు.
• మొద్దుబారిన కాళ్లకు వేడి ఇటుక, ఇసుక మూట కాపడం పెట్టవద్దు. స్పర్శ తెలియక బొబ్బలెక్కిన పాదాలను మా వార్డులో చూశాం.
• రోజూ కసరత్తు చేయాలి, అలసిపోయే దాకా మాత్రం వద్దు. బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీ బిగించండి.
• బీడీ, సిగరెట్ మానాలి. ఇంట్లో మరొకరు తాగుతున్నా మానాలి.
• కొత్త టీకా ఏదైనా వేయించే ముందు డాక్టరును అడగాలి.
• బాగున్నానని మందు మానవద్దు. ప్రార్థన చేయించుకున్నాం కదా అని మానినవారూ ఉన్నారు. ప్రార్థన చేయండి, మందు కూడా వాడండి.
• నిద్రపట్టకపోవడం, ఏడుపు, ఎవరితోనూ మాట్లాడకపోవడం కూడా ఈ జబ్బులో భాగమే. దానికీ వైద్యం ఉంది.

సహాయం ఎక్కడ?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. అంతకుముందు ఏడు రకాల వైకల్యాలకే గుర్తింపు ఉండేది. ఈ చట్టంలో 21 రకాలకు గుర్తింపు వచ్చింది. వాటిలో మల్టిపుల్ స్క్లీరోసిస్ పేరు విడిగా ఉంది. 40 శాతం లేదా ఎక్కువ వైకల్యం ఉన్నట్టు మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే యు.డి.ఐ.డి. కార్డు ద్వారా ప్రభుత్వ సౌకర్యాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. న్యూరాలజీ డాక్టరు రాసిన కాగితాలు, ఎం.ఆర్.ఐ. ఫిల్ములు పారేయకుండా ఒకే సంచిలో ఉంచుకోండి. మల్టిపుల్ స్క్లీరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా 1985 నుంచి పనిచేస్తోంది. హైదరాబాదులోనూ దాని శాఖ ఉంది. ఇదే జబ్బుతో ఉన్న మరో కుటుంబంతో మాట్లాడితే కలిగే ధైర్యం మేమెంత చెప్పినా రాదు.

ఆ సోమవారం పెద్దాయన బయానా తీసుకోలేదు. అమ్మాయి సూది తేదీలను గోడ మీది క్యాలెండరులో ఎర్ర ఇంకుతో రాసుకుంది. మొన్న నాలుగో సూదికి వచ్చినప్పుడు చేతికర్రతో తానే నడిచి వచ్చింది. కాలిలో బలం పూర్తిగా రాలేదు, రాకపోవచ్చు కూడా. ఏడాదిన్నరగా మాత్రం కొత్త విడత రాలేదు. కంపెనీకి పోవడం లేదు, ఇంట్లోనే మిషన్ కుడుతోంది. బాబు ఇప్పుడు తల్లి దగ్గరే పడుకుంటున్నాడు.

సూది ఎక్కుతుండగా నన్ను అడిగింది: "ఆ కార్-టి మన దాక ఎప్పుడొస్తది సిస్టరమ్మా?" తేదీ చెప్పలేనన్నాను. వచ్చిన నాడు అది పనికిరావాలంటే అప్పటిదాకా నరాలను కాపాడుకోవాలి బిడ్డా, పోయిన నరాన్ని తిరిగి తెచ్చేది ఇంకా ఎవరి దగ్గరా లేదు అని చెప్పాను. తలూపి, తరువాతి సూది తేదీ ఎప్పుడని అడిగింది.